కిరాయి యిండ్లలో పురుగుపుట్ర: బాధ్యత యెవరిది?

ఇల్లు కిరాయికిచ్చుట యనగా నాలుగు గోడలను, ఒక తలుపును, ఒక తాళపుచెవిని ఇచ్చుట మాత్రమేనా? లేక మనుష్యుడు నెమ్మదిగా నిద్రించి ఆరోగ్యముగా మేల్కొనదగిన చోటు నిచ్చుటయా? చూచుటకు ఈ ప్రశ్న చిన్నది. నల్లులను గూర్చి, చెదలను గూర్చి, ఎలుకలను గూర్చి పత్రికలో వ్రాయవలసినంత పని యేమున్నదని కొందరు నవ్వవచ్చును. కాని నెలజీతముపై బ్రదుకు కుటుంబమునకు రాత్రి నిద్ర కరవగుట చిన్న సంగతి కాదు. పసిబిడ్డ ఒడలెల్ల దద్దురులతో తెల్లవారుట చిన్న సంగతి కాదు. పెట్టెలోని బట్టలు, పుస్తకములు, పాసు కాగితములు చెదల పాలగుట చిన్న సంగతి కాదు. ఆ బాధను ఇంటి యజమానితో చెప్పుకొనుటకు ఆ కుటుంబము భయపడుచున్నదన్నచో అది మరింత పెద్ద సంగతి. దేశములో న్యాయ మెంతవరకు దిగివచ్చినదో తెలిసికొనుటకు ఉన్నత న్యాయస్థానములనే చూడనక్కరలేదు. కిరాయి యింటి వంటగదిని చూచినను చాలును.

లింగాల ఘనపూర్ జనగామ జిల్లాలో నొక మండల కేంద్రము. దానికి పురపాలక సంఘము లేదు; గ్రామపంచాయతీయే దాని పాలన. అయినను నేటి మండల కేంద్రము నాటి పల్లె కాదు. బడి, దవాఖాన, తహశీలు కచేరి, పోలీసు ఠాణా, బ్యాంకు ఉన్న ప్రతిచోట స్వగ్రామము విడిచి వచ్చిన ఉద్యోగి యుండును. పనికై వచ్చిన కూలి యుండును. వారికి కిరాయి యిల్లు కావలయును. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణమున క్రొత్త జిల్లాలేర్పడి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లా కేంద్రములైన పిమ్మట ఈ యవసరము అంతటను హెచ్చినది. భూపాలపల్లిలో బొగ్గు గనులు, సమీపమున విద్యుత్కేంద్రము కలవు. మహబూబాబాదు రైలు మార్గముపై నున్న వ్యాపార కేంద్రము. జనగామ హైదరాబాదు వరంగల్లుల నడిమి రహదారిపై నున్నది. ఇట్టి చోట్ల ఇల్లు కావలసినవారు పలువురు, ఇచ్చువారు కొందరు. బేరములో ఎవరి మాట చెల్లునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రాంతపు టూళ్లలో కిరాయికి దొరకు నిండ్లు సాధారణముగా రెండు తెఱగులు. మొదటిది పాత పెంకుటిల్లు: మట్టిగోడలు, కఱ్ఱ దూలములు, వాసములు. రెండవది యజమాని తాను నివసించు డాబా వెనుకనో పైననో కట్టి యిచ్చు ఒకటి రెండు గదులు. వాటి మోరీ నీరు తరచుగా పెరటిలోనే నిలుచును. మొదటి దానియందు చెదలు, ఎలుకలు, తేళ్లు అధికము. రెండవ దానియందు దోమలు, బొద్దింకలు అధికము. నల్లులు రెండింటను గలవు. కిరాయిదారు పట్టపగలు వచ్చి సున్నము వేసిన గోడలను చూచి, అడ్వాన్సు చెల్లించి, సామాను దింపుకొనును. నిజమైన ఇల్లు అతనికి రాత్రి గాని కనబడదు. తెల్లవారి ఫిర్యాదు చేసినచో "మీ మంచాలతోనే వచ్చినవి" అని యజమాని. "మీ గోడలలోనే ఉన్నవి" అని కిరాయిదారు. ఈ వాదము ఏండ్ల తరబడి సాగుచున్నను తీర్పు చెప్పువాడు లేడు. కావున ముందుగా ఆ జంతువుల స్వభావమును పరిశీలింతము. పురుగు ఎచ్చట పుట్టి ఎచ్చట దాగునో తెలిసినగాని బాధ్యత ఎవరిదో తేలదు.

నల్లి రెక్కలు లేని పురుగు. అది ఎగురదు, దుముకదు. మంచపు కోళ్ల సందులలో, నులకలో, గోడ బీటలలో, తలుపు చట్రపు చీలికలలో పగలెల్ల దాగి రాత్రి వెలువడి రక్తము త్రాగును. ఆహారము లేకున్నను నెలల తరబడి బ్రదుకగలదు. కావున రెండు నెలలు ఖాళీగా నుండినంత మాత్రమున ఆ ఇల్లు నల్లులు లేనిదని చెప్పజాలము. నల్లి మురికికి గుర్తను తలంపు కూడ సరికాదు. దానికి కావలసినది రక్తము గాని మురికి కాదు. 2023లో ప్యారిసు నగరమంతయు నల్లుల బెడదతో గగ్గోలు పడిన సంగతి పాఠకులకు జ్ఞాపక ముండును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము డీడీటీ వలన పెక్కు దేశములలో అణగిన నల్లులు ఆ మందును తట్టుకొను శక్తి గడించి, పిదప వచ్చిన మందులకును లొంగక మరల తలయెత్తినవి. ఒక గోడకు ఇరువైపుల రెండు కుటుంబములున్నప్పుడు ఒకరెంత శుభ్రపరచుకొన్నను నల్లి బీట గుండ పక్కగదికి పోయి, కొలది దినములకు మరల వచ్చును. ఆ బీటను పూడ్చుటకు, రెండు గదులను ఒకే నాడు ఖాళీచేయించి శుభ్రపరచుటకు అధికార మెవరికి గలదు? యజమానికి దక్క మరియొకరికి లేదు.

చెదల సంగతి మరింత స్పష్టము. వాటి నివాసము నేలలో నున్నది. అవి గోడ వెంట మట్టి గొట్టములు కట్టుకొని దూలమును జేరును. కిరాయిదారు ఆ గొట్టములను చీపురుతో రాల్చినచో కొలది దినములలో మరల కట్టుకొనును. పునాది మట్టికి మందు పట్టించి, తడిసిన గోడను బాగుచేయనిదే ఆ పీడ తీరదు. భారతీయ ప్రమాణములలో ఐ.యస్. 6313 అనునది ఇంటిని కట్టుటకు ముందును, కట్టిన పిదపను చెదలను నివారించు పద్ధతులను వివరించుచున్నది. అనగా ఇంజనీర్ల దృష్టిలో చెదల నివారణము కట్టడపు పనిలో భాగము; అది కిరాయిదారుని చీపురు పని కాదు.

ఎలుకల విషయమున బాధ్యత ఇరువురిది. వడ్లు, బియ్యము మూతలేని గిన్నెలలో నుంచి, ఎంగిలి యన్నము పెరటిలో పారవేయు కిరాయిదారుడు ఎలుకను పిలిచిన వాడే. కాని పిలిచినను అది లోనికి వచ్చుటకు దారి కావలయును. మోరీకి జాలి లేకపోవుట, తలుపు క్రింద రెండంగుళముల సందుండుట, గోడ మొదట పందికొక్కు త్రవ్విన బొఱియను పూడ్వకపోవుట యజమాని లోపములు. ఎలుక మూత్రముతో కలుషితమైన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. కనుక ఇది ధాన్యనష్టముతో ముగియు విషయము కాదు.

దోమలలోను ఇట్టి భేదమే కలదు. డెంగీని వ్యాపింపజేయు దోమ మంచినీటిలో పుట్టును. గ్రుడ్డు నుండి రెక్కల దోమ యగుటకు వారము పది దినములు చాలును. కిరాయిదారు ఇంటిలోని తొట్టిని, కూలరును, పూలకుండి క్రింది పళ్లెమును వారమున కొకసారి ఒలకబోయుట అతని విధి. కాని మిద్దెపైనున్న నీటి ట్యాంకునకు మూత లేకపోయినచో, సెప్టిక్ ట్యాంకు గొట్టమునకు వల లేకపోయినచో, మోరీ పోవుటకు వాలు లేక పెరటిలో మడుగు కట్టినచో, వాటిని కిరాయిదారు ఎట్లు సరిచేయగలడు? ట్యాంకు నిచ్చెన యజమాని వాకిటనే యుండును.

ఈ పరిశీలన నుండి మాకు తేలిన సూత్ర మొక్కటి. కట్టడమునుండి పుట్టిన పీడ కట్టడపు స్వామిది. వాడుకనుండి పుట్టిన పీడ వాడువానిది. సందేహమున్న చోట, సరిచేయు అధికార మెవరి చేతిలో నున్నదో బాధ్యతయు వారిదే. అధికారము నొకరియందును, బాధ్యతను మరియొకరియందును ఉంచుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు.

ఇక చట్ట మేమి చెప్పుచున్నదో చూతము. ఆంగ్ల న్యాయచరిత్రలో నల్లులకు చిరస్మరణీయమైన స్థానము కలదు. 1843లో స్మిత్ వర్సెస్ మారబుల్ అను వ్యాజ్యమున, బ్రైటన్ పట్టణములో వారమునకు ఎనిమిది గినీల చొప్పున ఐదు వారములకు సామానుతోగూడ ఒక ఇల్లు తీసికొన్న పెద్దమనిషి, నల్లుల బాధ పడజాలక ఇల్లు విడిచిపోయెను. మిగిలిన కిరాయికై ఇంటి యజమాని దావా తెచ్చెను. సామానుతో నిచ్చు ఇల్లు నివాసయోగ్యముగా నుండవలయునను షరతు ఒడంబడికలో వ్రాయకున్నను ఉన్నట్లే యని న్యాయస్థానము తీర్పు చెప్పెను. కాని కొలది కాలమునకే హార్ట్ వర్సెస్ విండ్సర్ అను మరియొక నల్లుల వ్యాజ్యమున, సామాను లేని ఖాళీ యింటికి అట్టి షరతు లేదని తీర్మానింపబడెను. ధనికుడు విహారమునకు తీసికొను ఇంటికి రక్షణ కలిగెను. బీదవాడు ఏండ్ల తరబడి కాపురముండు ఇంటికి లేకపోయెను.

ఆ భావములు ప్రబలియున్న కాలముననే మన 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము పుట్టినది. నేటికిని గ్రామములలోని కిరాయి సంబంధములకు అదియే ఆధారము. అందలి 108వ విభాగము ప్రకారము, మామూలు జాగ్రత్తతో చూచినను కిరాయిదారునకు కనబడని ముఖ్యలోపము యజమానికి తెలిసియున్నచో దానిని ముందుగా చెప్పవలయును. తాను చేయ బద్ధుడైన మరమ్మతును యజమాని నోటీసు పిమ్మట తగిన గడువులో చేయనిచో, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో కిరాయిలో మినహాయించుకొనవచ్చును. కిరాయిదారు సహజమైన అరుగుదల మినహా ఇంటిని తనకిచ్చిన స్థితిలో నుంచవలయును. వినుటకు ఇవి బాగుగనే యున్నవి. కాని "చేయ బద్ధుడైన మరమ్మతు" ఏదో చట్టము చెప్పలేదు. అది ఒడంబడికను బట్టి యుండును. మన ఊళ్లలో ఒడంబడిక నోటిమాట. నల్లులున్నట్లు యజమానికి ముందే తెలియునని కిరాయిదారు ఎట్లు ఋజువు చేయును? ఇల్లు నివాసయోగ్యముగా నుండవలయునను సూటియైన మాట ఆ విభాగమున నెచ్చటను లేదు.

కిరాయి నియంత్రణ చట్టము లేదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. కలదు. హైదరాబాదు రాష్ట్రమున 1954లోను, పిదప ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1960లోను చేసిన చట్టములలో రెండవది నేటి తెలంగాణమునకును సంక్రమించినది. నీరు, దీపము మున్నగు సౌకర్యములను యజమాని నిలిపివేయరాదను రక్షణ యందులో కలదు. కాని అది నగరములకును, పురపాలక పట్టణములకును ఉద్దేశింపబడినది. లింగాల ఘనపూర్ వంటి పంచాయతీ గ్రామమునకు తనంతట తాను వర్తింపదు. పట్టణములలోనైనను 2005 సవరణ పిమ్మట, కట్టి పదునైదేండ్లు నిండని ఇంటికి వర్తింపదు; నగరపాలక సంస్థలు గాని పట్టణములలో నెలకు 2,000 రూపాయలకు మించిన కిరాయికి వర్తింపదు. నేడు జనగామ పట్టణములో రెండువేలకు కుటుంబము నివసింపదగిన ఇల్లు ఎన్ని దొరకునో పాఠకులే యూహింపవచ్చును. ఉన్న గొడుగు ఎండవానలకు మించి చిల్లులుగల గొడుగైనది.

వీటికి తోడు మరియొక భయము కలదు. వ్రాతమూలకమైన వేరు షరతు లేనిచో నెలసరి కిరాయిని పదునైదు దినముల నోటీసుతో యజమాని ముగింపవచ్చును. కావున నల్లులున్నవని నోరు విప్పిన కిరాయిదారునకు లభించునది నల్లుల మందు కాదు, ఇల్లు ఖాళీచేయుమను మాట. బిడ్డలు బడిలో చదువుచుండగా నడుమ ఏడాదిలో ఇల్లు మారుట కంటె నల్లికాటు మేలని యాతడు మౌనము వహించును. ఇల్లాలు ఆదివారము మంచములను ఎండలో వేసి మరుగునీళ్లు పోయును. సోమవారము రాత్రి గోడలలోని నల్లులు మరల మంచము నెక్కును. ఆ మౌనమును చూచి "మా ఇంటిలో ఏ బాధయు లేదు, ఎవరును చెప్పలేదు" అని యజమాని నమ్మును. హక్కు లేనిచోట ఫిర్యాదు ఉండదు. ఫిర్యాదు లేనిచోట దోష మున్నట్లే తోచదు.

ఈ మౌనము ప్రాణములమీదికి వచ్చు సందర్భములును కలవు. యజమాని పట్టించుకొనడు, కిరాయిదారు సంతలో దొరకిన మందు తెచ్చి మూసిన గదిలో నుంచును. లేదా యజమాని తానే మందు కొట్టించి, గాలి ఆడకముందే కిరాయిదారుని లోనికి రానిచ్చును. 2022 ఆగస్టులో బెంగళూరున కిరాయి యింటిలో యజమాని పురుగుమందు చల్లించిన పిమ్మట ఊరినుండి తిరిగివచ్చిన కుటుంబములో ఎనిమిదేండ్ల బాలిక మరణించినట్లు పత్రికలు తెలిపినవి. 2024 నవంబరులో చెన్నపట్టణపు శివారునగల కుండ్రత్తూరులో ఎలుకలకై ఇంటిలో నుంచిన మందు విషవాయువునకు ఇద్దరు పసిబిడ్డలు బలియైరి. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ల గాలిలోని తేమ తగిలినంతనే ప్రాణాంతకమగు ఫాస్ఫీను వాయువును విడుచును. దానికి విరుగుడు లేదు. ధాన్యపు గోదాములకై పుట్టిన ఆ మందునకు నిద్రించు గదిలో స్థానము లేదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము ప్రకారము ఈ పనిని వృత్తిగా చేయువారికి లైసెన్సు ఉండవలయును. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లు అను సామెత మనకున్నది. ఎలుకకై బిడ్డను పోగొట్టుకొనుట ఆ సామెతకును మించిన విషాదము. బాధ్యత ఎవరిదో తేలని చోట మందు తెచ్చువాడు తెలియనివాడే యగును. కనుక ఈ ప్రశ్నను నిర్ణయింపక విడుచుట క్షేమము కాదు.

రోగమునకు మూలము మనుష్యునియందే కాక ఇంటియందును ఉండునను సత్యము మన రాజధానికి క్రొత్తది కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డు రాసు 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికింద్రాబాదుననే. 1908 మూసీ వరదల పిదప, 1911 నాటి ప్లేగు పిదప, 1912లో హైదరాబాదున నగరాభివృద్ధి సంఘ మేర్పడి ఇరుకు పేటలను తొలగించి గాలి వెలుతురులుగల ఇండ్లను కట్టించినది. ప్లేగు ఎలుక నుండి, దానిపై బ్రదుకు పురుగుల నుండి వచ్చునని తెలిసినపుడు ఆనాటి నైజాము ప్రభుత్వమైనను ఇంటి కట్టడమునే మార్చ పూనుకొనెను. నేటి మన ప్రచారములు చూడుడు. "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని 2020లో తెలంగాణ పురపాలక శాఖ దోమల నివారణకై ప్రజలను పిలిచినది. పిలుపు మంచిదే. కాని అది ఇంటిలో నివసించువానికి చెప్పిన మాట. ఆ ఇంటిని సొంతము చేసికొని కిరాయి తీసికొనువానికి విడిగా చెప్పిన మాట ఒక్కటియు లేదు. పది నిమిషములలో తొట్టి ఒలకబోయవచ్చును; మోరీకి వాలు తేలేము.

ఈ విషయము జనగామ ప్రాంతమున మరింత ఆలోచింపదగినది. నిజాము కాలమున జనగామ నల్లగొండ జిల్లాలోని తాలూకా. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినది, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన సాగుభూమికై దేశముఖు నెదిరించి నిలిచినది ఈ నేలమీదనే. ఆ పోరాటముల పర్యవసానముగా 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చి "రక్షిత కౌలుదారు" అను మాట పుట్టినది. అన్యుని భూమిని దున్నువానికి ఆ భూమితో గల సంబంధము పటేలు దయపై ఆధారపడదని ఆ మాట చాటినది. దున్నువాని విషయమున ఇంత వివేకము చూపిన సమాజము, అన్యుని ఇంట కాపురముండువాని విషయమున ఏడు దశాబ్దులు గడచినను ఏ ఆలోచనయు చేయలేదు. నాడు కిరాయి యిండ్లు గ్రామములలో అరుదు. కావున ఆ యుపేక్ష క్షమింపదగినది. నేడు ఆ సాకు లేదు.

అట్లని నేటి ఇంటి యజమానిని నాటి దేశముఖుతో పోల్చుట మా యుద్దేశము కాదు. అది అన్యాయము. మండల కేంద్రములలో గది కిరాయికిచ్చువారు చాలమంది చిన్న రైతులు, పింఛనుదారులు, వితంతువులు. అప్పుచేసి గది కట్టి, ఆ కిరాయితో మందులు కొనుక్కొను ముసలివారు కలరు. చెదల మందు వేయించుటకు రెండు మూడు నెలల కిరాయి పోవచ్చును. కొందరు కిరాయిదారులు ఇంటిని పెంటకుప్ప చేసి, బకాయి నిలిపి, చెప్పకయే తలుపు తాళము వేసి పోవుట యథార్థము. నల్లులున్న పాత మంచమును తెచ్చి మంచి గదిని పాడుచేసిన వారును కలరు. కావున యజమానిపై సమస్త భారమును మోపు నియమము న్యాయమును కాదు, నిలుచునదియు కాదు. కాని దూలము తినబడినచో నష్ట మెవరిది? కిరాయిదారు మరియొక ఇంటికి పోవును. కూలునది యజమాని యిల్లు. నూరు రూపాయలతో నేడు పూడ్చదగిన బీట రేపు వేల రూపాయల గోడయగును. ఇంటిని బాగుగా నుంచుట పరోపకారమే కాక స్వార్థమునకును అనుకూలము.

ఇతర దేశములు ఈ చిక్కును విప్పుకొన్న విధము గమనింపదగినది. న్యూయార్కు నగరమున 2010 నుండి, గడచిన సంవత్సరములో ఇంటిలో నల్లుల బెడద కలిగినదా లేదా యని యజమాని క్రొత్త కిరాయిదారునకు వ్రాసి యియ్యవలయును. ఇంగ్లండున 2018లో చేసి 2019 మార్చి 20 నుండి అమలుపరచిన చట్టము ప్రకారము, కిరాయి యిల్లు మొదటినుండి తుదివరకు మనుష్యనివాసయోగ్యముగా నుండవలయును. నివాసయోగ్యతను విచారించునపుడు పురుగుపుట్రల బెడదయు లెక్కకు వచ్చును. 1843లో బ్రైటనులో ధనికునకు దొరకిన న్యాయము నేడక్కడ బీదవానికిని దొరకినది. ఆ దేశములలో కాపురమున్న మన తెలుగు బిడ్డలు ఈ హక్కులను అనుభవించుచునే యున్నారు. స్వగ్రామములో తమ తల్లిదండ్రులు కిరాయికిచ్చిన గదులలోని వారికి ఆ హక్కు లెందుకు లేవని వారొకసారి తలచి చూతురుగాక!

మన కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా కిరాయి చట్టము ఈ దిశగా ఒక అడుగు. అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదనియు, ఒడంబడిక వ్రాతలో నుండవలయుననియు అది చెప్పినది. ఎవరి మరమ్మతు లెవరివో ఒక పట్టికయు చేర్చినది. కట్టడపు మరమ్మతులు, సున్నము, గొట్టములు, విద్యుత్తు తీగలు యజమానివి. కుళాయి బిరడాలు, మోరీ శుభ్రత, కిటికీల ఈగవలల మార్పు కిరాయిదారువి. కాని చెదలు, నల్లులు, ఎలుకల పేరు ఆ పట్టికలో లేదు. ఈగవలను ఎవరు మార్చవలెనో చెప్పిన చట్టము ఈగ లెందుకు వచ్చెనో విచారింపలేదు. మరియు అది నమూనా మాత్రమే. రాష్ట్రములు స్వీకరించి శాసనము చేయనిదే దానికి బలము లేదు.

అయిన నేమి చేయవలయును? హైదరాబాదు శాసనసభ వైపు చూచుచు కూర్చుండుట యొక్కటే మార్గమా? కాదని మా యభిప్రాయము. 1882 చట్టములోని 108వ విభాగము ప్రారంభముననే ఒక అమూల్యమైన మాట కలదు: ఒడంబడిక గాని స్థానికాచారము గాని వేరుగ లేనప్పుడే ఆ నియమములు వర్తించును. అనగా చట్టమే ఊరి యాచారమునకు చోటిచ్చినది. ఆచార మన తాతల నాటిదే కానక్కరలేదు. పదిమంది కూడి నిర్ణయించి నిలకడగా పాటించినచో అదియే క్రమముగా ఆచారమగును. అంతవరకు కిరాయినామాలో వ్రాసికొన్న షరతు చాలును. లింగాల ఘనపూర్ గ్రామసభ ఒక నమూనా కిరాయినామాను తయారుచేసి పంచాయతీ కచేరిలో ఉంచినచో దానికి పైసా ఖర్చు లేదు, పైయధికారి యనుమతి యక్కరలేదు.

అందులో నుండదగిన షరతులు మా దృష్టిలో ఇవి. ఇల్లు అప్పగించు నాడు ఇరువురును కలసి గోడలు, తలుపులు, మోరీ, ట్యాంకు చూచి, ఉన్న లోపములను కాగితముపై వ్రాసికొనవలయును. మొదటి నెలలో బయటపడిన నల్లులు, చెదలు ఇంటివేయని భావించి యజమాని తన ఖర్చుతో తొలగింపవలయును. ఆ పిదప కట్టడపు లోపమువలన కలిగిన పీడను యజమాని, వాడుకవలన కలిగిన దానిని కిరాయిదారు భరింపవలయును. తేలని చోట చెరిసగము. కిరాయిదారు చూచిన వెంటనే తెలుపవలయును. తెలిపిన పదునైదు దినములలో యజమాని పని మొదలిడనిచో కిరాయిదారు చేయించి, రసీదు చూపి, కిరాయిలో మినహాయించుకొనవలయును. జంటగదులన్నిటికి ఒకే నాడు మందు వేయింపవలయును. విషవాయువు పుట్టించు మందులను లైసెన్సు గలవారే వాడవలయును. ఎన్ని గంటలు ఇల్లు విడిచియుండవలెనో వారు వ్రాసియియ్యవలయును. అన్నిటికంటె ముఖ్యము: పురుగుపుట్రలను గూర్చి ఫిర్యాదు చేసిన ఆరు నెలలలోపల, కిరాయి బకాయి లేని కుటుంబమును ఖాళీచేయింపరాదు. ఈ చివరి షరతు లేనిచో తక్కినవన్నియు కాగితముపై సిరా మాత్రమే.

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. కిరాయి రక్షణను మండల కేంద్రములకు విస్తరింపజేయవలయును. రెండువేల రూపాయల హద్దును కాలానుగుణముగా మార్చవలయును. నమూనా చట్టమును స్వీకరించునపుడు అందలి పట్టికలో పురుగుపుట్రలను స్పష్టముగా చేర్చవలయును. పంచాయతీ మోరీలు నిండి పొరలుచుండగా యజమానిని నిందించుటయు తగదు. వీధి మోరీ బాధ్యత పంచాయతీది. దోమల నివారణకై ఇంటింటికి పోవు ఆరోగ్య కార్యకర్తలు కిరాయి యింటిలో కట్టడపు లోపము చూచినచో, ఇంట నున్న ఇల్లాలికి ఉపదేశించి మరలిపోక, యజమాని పేర చీటి వ్రాసి పంచాయతీ కార్యదర్శి కిచ్చుట మేలు. అడుగుటకు జంకు కిరాయిదారు బదులు ఆ చీటియే మాట్లాడును.

కిరాయి తీసికొను చేయి ఇంటి బాగోగులను చూచు చేయి కూడ కావలయును. కిరాయి యిచ్చు కుటుంబమును ఇంటిని తనదివలె చూచుకొనవలయును. ఈ రెండు మాటలను వ్రాసికొని సంతకము చేయుటకు ఒక కాగితము, ఒక గంట కాలము చాలును. దున్నువాని హక్కుకై ప్రాణములిచ్చిన సీమలో నిద్రించువాని హక్కుకై ఆ గంట వెచ్చింపలేమా? జనగామ ప్రాంతపు గ్రామపంచాయతీలలో ఏదేని యొకటి రానున్న గ్రామసభలో ఈ తీర్మానమును చేసి, తక్కిన గ్రామములకు దారి చూపునని మేము ఆశించుచున్నాము.